పది ఆకుల కూర

బోటు ఆగిపోయింది. రేవుకు చేరి ఆగడం కాదు, కాలువ వెడల్పయ్యే చోట, నీళ్ళు కనపడనంత గుర్రపుడెక్క మధ్యలో ఎటూ కాకుండా ఆగింది. ఇంజను రెండుసార్లు దగ్గి, గొంతు పట్టేసినట్టు గురగురలాడి ఊరుకుంది. బోటు నడిపే సరంగు గంట తాడు లాగాడు, కింద ఇంజను దగ్గరి మనిషి జవాబుగా ఏదో తిట్టాడు, జలజకు మాత్రం చప్పుడు ఆగినందుకు ముందు సంతోషమే వేసింది. ఇప్పుడు వినపడుతుంది కదా అనుకుంది. పొద్దున్నుంచి ఆమె చెవులు రిక్కించుకునే ఉంది. ఇంట్లో వాన, రేవులో జనం, బోటులో ఇంజను, ఒకటి వదిలితే ఇంకొకటి అడ్డం. ఇప్పుడు వాన కూడా కాస్త తెరిపి ఇచ్చింది. ఆమె నోరు కొద్దిగా తెరిచి ఊపిరి బిగబట్టింది. నోరు తెరిస్తే లోపలి చప్పుడు బయటికి బాగా వస్తుందని గుండెకు ఆపరేషన్ అయిన నాటి నుంచీ ఆమెకు తెలుసు. టిక్, టిక్ అని ఉండాలి. ఎప్పుడు వింటే అప్పుడు ఉండేది, ఎడమ రొమ్ము కింద ఎవరో గోటితో స్టీలు గ్లాసు మీద కొడుతున్నట్టు. ఇప్పుడు లేదు. లేదా ఉంది కాని, చేతికి గుడ్డ చుట్టుకుని తలుపు కొట్టినట్టు దబ్ మంటోంది, మళ్ళీ కాసేపు అదీ లేదు. బోటు చప్పుడే అడ్డమని పొద్దున్నుంచీ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇంక ఆ సాకు కూడా లేదు.

"ఏంటలా నోరు తెరుచుకుని చూస్తావ్? ఈగలు దూరతాయ్," అంది పక్కన కూర్చున్న అత్తగారు కార్త్యాయని. అని, వెంటనే తన తువ్వాలు కొసతో జలజ నుదుటి చెమట తుడిచింది. ఒడిలో స్టీలు క్యారేజీ పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది ముసలామె. మూడు గిన్నెల క్యారేజీ. కింది గిన్నెలో మందు గంజి, నడిమి దాంట్లో పచ్చడి, పై దాంట్లో ఆకుకూర. ఆసుపత్రిలో ఎంతసేపు కూర్చోబెడతారో, బయటి తిండి, ఈ వానల్లో, పథ్యాల కర్కాటక మాసంలో ఎలా తింటావ్ అని తెల్లవారకముందే లేచి వండింది. ఊపిరి ఆడట్లేదు అమ్మా, అలెప్పీ వెళ్ళి చూపించుకోవాలి అని జలజ చెప్పగానే ముసలామె ముందు చేసిన పని పొయ్యి ముట్టించడం. కొందరికి భయం వేస్తే దేవుడు గుర్తొస్తాడు, ఈవిడకి కొబ్బరి కోరాం గుర్తొస్తుంది. క్యారేజీ మూత సందులోంచి కొబ్బరి, ఎండుమిరప, ఆకు వాసన కలిసి వస్తోంది. బోటుకు రెండు పక్కలా నీలం పట్టాలు దించేశారు, తడి గొడుగులూ తడి మనుషులూ లోపల ఉడుకుతున్నారు, ఆ వాసన పోయే దారి లేదు. జలజ గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. లేచి పట్టా ఎత్తి తల బయట పెడదామనిపించింది, కాని నాలుగడుగులు వేస్తే ఊపిరి అందదని తెలుసు, రేవులో అందరికీ ఆ సంగతి తెలిసింది కూడా. పడుకుంటే నీళ్ళలో మునిగినట్టు ఉంటోందని రాత్రంతా గోడకు చేరబడి కూర్చునే ఉంది. భర్త శశిధరన్ ఇంట్లో లేడు. పొలం గట్టు తెగుతుందేమోనని వారం రోజులుగా మోటారు షెడ్డు దగ్గరే కాపలా. ఫోను చేస్తే, నేను రానా అన్నాడు. వద్దు, గట్టు తెగితే ఊరు మునుగుతుంది, నాకేం కాలేదు అంది జలజ. నాకేం కాలేదు అనే మాటని ఆమె ఎంత సులువుగా అంటుందో, అంత సులువుగా ఇంకెవరూ తుమ్మను కూడా తుమ్మలేరు.

బోటులో పనిచేసే లస్కరు రెజి లుంగీ ఎగగట్టి, కత్తి పట్టుకుని వెనక్కి నడిచాడు. "నేనేనా దిగేది? మొన్న నేనే దిగాను. నీళ్ళల్లో పాములున్నాయి సరంగు సారూ."

"నీకంటే విషమున్న పాము ఈ కాలువలో ఎక్కడుందిరా," అంది చేపల బుట్ట ముందు పెట్టుకున్న ఒకామె, బోటంతా నవ్వింది, రెజి కూడా నవ్వి దభీమని దూకాడు. గుర్రపుడెక్క వేళ్ళన్నీ బోటు కింది ఫ్యానుకి చుట్టుకుని తాడులా పేనుకుపోయాయని కింది నుంచి అరిచాడు. కోస్తేగాని రావు, కోసినా టైము పడుతుంది. జలజ ఆ మాటలు విని కళ్ళు మూసుకుంది. గుండెలో పెట్టిన కవాటం నమూనా డాక్టరు ఆమెకు ఒకసారి చూపించాడు, బొటనవేలంత ఉంగరం, లోపల తెరుచుకుని మూసుకునే నల్లటి రేకులు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇది తలుపు తీసి మూస్తుందమ్మా, మనిషి చేసిన వస్తువు కదా, రక్తానికి ఇది బయటి మనిషి, వచ్చి పేరుకోవాలని చూస్తుంది, గడ్డ కడితే రేకు కదలదు, ఆ గడ్డలో ముక్క ఊడి మెదడుకి పోయినా ప్రమాదమే, అందుకే రోజూ మాత్ర, చచ్చేదాకా మాత్ర అన్నాడు. చచ్చేదాకా అన్నది ధైర్యం చెప్పడానికో భయపెట్టడానికో అర్థం కాక ఆమె తలూపింది. మాత్ర ఏనాడూ మరచిపోలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, వరదలప్పుడు శిబిరంగా మార్చిన బళ్ళో నేల మీద పడుకున్నప్పుడు కూడా జాకెట్లో దాచుకున్న మాత్ర వేసుకుంది. కూరలు తరిగే కత్తి పీట దగ్గర జాగ్రత్త, పళ్ళు తోముకునే బ్రష్షు మెత్తనిది, ఏ చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలే చర్మం. నెలకోసారి రక్తం ఎంత పలచగా ఉందో చూపించుకోవాలి, ఆ అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి, తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆ సన్నటి గట్టు మీద ఆమె ఇన్నాళ్ళూ నడిచింది, కింద పడకుండా. ఈ నెల పరీక్షకి వెళ్ళాల్సిన రోజు వాన ఎక్కువై బోట్లు ఆపేశారు, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంది. మరీ అంత మూర్ఖురాలేం కాదు. ఎందుకు వెళ్ళాలో ఆమెకు బాగా తెలుసు కనకే వెళ్ళాలంటే భయమేసింది.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన కొత్తలో టిక్కుటిక్కుమని ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. శశిధరన్ చెవి ఆనించి విని, బావుందే, నాకు అలారం అక్కర్లేదు అనేవాడు, తర్వాత ఆ చప్పుడు వింటేగాని అతనికి నిద్ర పట్టని రోజులూ వచ్చాయి. ఆమె పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఒళ్ళో ఎక్కి చెవి పెట్టేవాళ్ళు. టిక్‌టిక్ టీచర్ అని పేరు పడిపోయింది, పంచాయతీ ఆఫీసులో కూడా అదే పేరు. ఆ పేరంటే ఆమెకు ఇష్టం. అత్తగారు పెట్టిన పేరు వేరు. వరండాలో వీధివాళ్ళతో కూర్చుని, లోపలికి వినపడేంత గొంతుతో, "మా ఇంటికి గోడ గడియారం కొనక్కర్లేదు, కోడలుంది. గంటలు కొట్టడానికేగాని ఇంకెందుకూ పనికిరాదు" అనేది కార్త్యాయని. ఇంకెందుకు అంటే ఎందుకో అందరికీ తెలుసు. మొదటి కాన్పు ఆరో నెలలోనే పోయింది, అప్పుడే గుండె కవాటం పాడైందని బయటపడింది, చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో వచ్చిన జ్వరం లోపల ఎంత పని చేసిందో అప్పుడు చెప్పారు. ఈ మాత్ర కడుపులో బిడ్డకి పడదు, బిడ్డ కోసం మాత్ర మారిస్తే నీకు పడదు, ఆలోచించుకోండి అన్నారు. ఆలోచించుకోవడానికి ఏముంది అన్నాడు శశిధరన్. అతని తల్లికి ఆలోచించుకోవడానికి చాలా ఉంది. ఏళ్ళ తరబడి ఆవిడ జలజని పేరు పెట్టి పిలవలేదు. ఏయ్, ఇదిగో, అక్కడున్నావా, ఇంతే. వంటిల్లు జలజది, వండినదాన్ని ఆవిడ తిని లేచేదే తప్ప బావుందని గాని లేదని గాని ఆ నోట ఎన్నడూ రాలేదు. ఆకుకూరలు ఎంత తినాలో జలజే కొలుచుకుని వండుకునేది, క్లినిక్కులో సిస్టర్ చెప్పినట్టు. తినొద్దని కాదమ్మా, రోజూ ఒక్కటే కొలత, ఇవాళ గుప్పెడు రేపు గంపెడు అంటే మాత్ర పనిచేయదు అని చెప్పింది ఆమె. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. గరిటె తన చేతిలోనే ఉండేది కదా.

వానలు మొదలయ్యే ఇడవ మాసం చివర్లో ముసలామెకి ఎలుక జ్వరం వచ్చింది. కళ్ళు పచ్చబడి, ఒళ్ళు తెలియకుండా పడుంటే జలజే ఆసుపత్రిలో పక్కన కూర్చుంది, ఒళ్ళు తుడిచింది, పక్క గుడ్డలు మార్చింది, జుట్టు చిక్కు తీసింది. జ్వరం తగ్గిన రోజున కార్త్యాయని కళ్ళు తెరిచి చాలాసేపు చూసి, "నువ్వు తిన్నావా మోళే?" అంది. మోళే అంటే కూతురా అని. ఆ మాట వినడానికి జలజకు ఇరవై ఏళ్ళు పట్టింది. బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది, సంతోషానికి కూడా తలుపు వేసుకోవడం అలవాటైపోయింది మరి. ఇంటికి వచ్చాక ముసలామె గరిటె లాక్కుంది. కర్కాటకం వస్తోంది, ఈ నెల నీ ఒంటికి నేను చేస్తాను, రక్తం లేక తెల్లగా పాలిపోయావ్, నా మాట విను అంది. కర్కాటకంలో పది రకాల ఆకులు కోసుకొచ్చి కూర వండుకోవడం ఎవరింట్లో లేదు? ఒకరోజు, రెండ్రోజులు, ముచ్చటకి. కార్త్యాయని ఒకటో తేదీ నుంచి రోజూ వండింది. వానలో, తలకి చేమాకు బోర్లించుకుని, జారే గట్లమీద ఆ వయసులో వంగి ఒక్కొక్క ఆకే గిల్లి ఒళ్ళో వేసుకుని వచ్చేది. మొదటి రోజు పళ్ళెంలో పచ్చటి గుట్ట చూసి జలజకు నోరు తెరవాలనిపించింది. అమ్మా, ఇంత తినకూడదు నేను. ఎంత చిన్న మాట. ముసలామె ఎదురుగా కూర్చుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత ఆత్రంగా, "ఎలా ఉంది?" అని అడిగింది. బావుందమ్మా అంది జలజ. నిజంగానే బావుంది, అదే వచ్చిన చిక్కు. ఆ రెండో ముద్ద తినేటప్పుడే సిస్టర్ గొంతు వినపడింది, గుప్పెడు, గంపెడు అని. ఈ ఒక్క నెలే కదా, పరీక్ష చేయించుకుంటే డాక్టరు మాత్ర పెంచుతాడు, ఇప్పుడు కాదంటే ఈవిడ మళ్ళీ గడియారం అంటుంది, కాదు, అలా అనదు, అనకపోయినా ఆ మొహం ముడుచుకుపోతుంది, ఇంకో ఇరవై ఏళ్ళు నాకెక్కడివి. ఇలా రోజుకో సర్దుబాటు చెప్పుకుంటూ పళ్ళెం ఖాళీ చేస్తూ వచ్చింది. తనని తాను చంపుకుంటోందని తెలియక కాదు, తెలిసినా పళ్ళెం పక్కకు నెట్టలేకపోయింది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం చెప్పాలి? సిస్టర్ మొదట అడిగేది అదే, ఏం తిన్నావ్ జలజా అని. పక్కన ఈవిడ ఉంటుంది, క్యారేజీతో సహా. ఆకులు అంటే చాలు, ఈవిడ చేతులు అక్కడే చచ్చుబడిపోతాయి. మాత్రలు మరచిపోయాను అని చెబుదామా? వాన కదా, మాత్రలు అయిపోయాయి, తెచ్చుకోలేదు అంటే? డాక్టరు తిడతాడు, తిట్టనీ, తనకి తిట్లు కొత్తా ఏమిటి. కాని అబద్ధం చెబితే వాళ్ళు వేరే లెక్కలో మందు ఇస్తారు, ఇంటికి వచ్చాక మళ్ళీ పళ్ళెం, మళ్ళీ పచ్చటి గుట్ట. నిజం చెబితే ఆవిడ ఉండదు, చెప్పకపోతే తను ఉండదు. వెనకనుంచి రెజి కోసిన వేళ్ళ మోపు బోటులోకి విసిరాడు, బురద వాసన గుప్పుమంది. అయిందా అని అరిచారెవరో. ఎక్కడయింది, ఇంకా సగమే, పెళ్ళికి పోతున్నారా అందరూ అని అరిచాడు అతను. మళ్ళీ నవ్వులు. జలజకు ఒక్కసారిగా వీళ్ళందరి మీదా కోపం వచ్చింది, నవ్వే ప్రతివాడి గుండెలో దాని పని అది చేసుకుపోతోంది, ఎవడూ చెవి పెట్టి వినక్కర్లేదు. చెప్పేస్తాను అనుకుంది. ఆసుపత్రి దాకా ఎందుకు, ఇప్పుడే, ఈ బోటులోనే, నవ్వుతూ చెబితే అంత దెబ్బ తగలదు. అమ్మా, నీ కూర బావుంది గాని నా గడియారానికి పడలేదు అంటాను. బావుంది. ఈ మాట బావుంది. తనలో తను ఒకసారి అనుకుని చూసుకుంది.

గొడుగు కింద పడింది. తనే వదిలేసిందా? వంగి తీయబోయింది, చెయ్యి వెళ్ళలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పడుంది, పక్కవాళ్ళది తెచ్చి అక్కడ పెట్టినట్టు. లే అంది దానితో. అది లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి కూడా సరిగ్గా లేదు, అసలు చెయ్యే లేదు. అమ్మా అని పిలిచింది. పిలిచాననుకుంది. బోటులో ఎవరూ తిరిగి చూడలేదు. మళ్ళీ పిలిచింది, మాట నాలుక దాకా వచ్చి అక్కడ తడి మట్టిలో కాలు దిగబడ్డట్టు దిగబడిపోయింది, "అ... వ..." అని ఏదో గాలి వచ్చింది. ముక్క ఊడింది, మెదడుకి పోయింది. డాక్టరు చెప్పిన మాట ఎంత స్పష్టంగా గుర్తుందో, ఒక్క అక్షరం పోలేదు, లోపల అన్ని మాటలూ కడిగిన గిన్నెల్లా వరసగా ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాదు. టైము చూసుకోవాలి, ఎప్పుడు మొదలైందో చెప్పాలి, త్వరగా వెళితే మందుంటుంది అన్నారు ఎప్పుడో, ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి. నీలం పట్టాలు కనపడుతున్నాయి, జనం వీపులు కనపడుతున్నాయి. ఎవరో వానాకాలం చేపల ధర గురించి మాట్లాడుకుంటున్నారు, ప్రతి మాటా అర్థమవుతోంది. లోపల ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని ఆమె ఎంత గట్టిగా అరిచిందో ఆమెకొక్కదానికే తెలుసు.

"నీరసమా? అదే అనుకున్నా. పొద్దున్న అరగ్లాసు గంజి కూడా తాగలేదు నువ్వు," అంది కార్త్యాయని. గొడుగు తీసి పక్కన ఆనించి, క్యారేజీ మూత తీసింది. "ఈ వెధవ బోటు ఎప్పటికి కదులుతుందో. రెండు ముద్దలు తిను. నీకోసం మిరప తగ్గించా." చెంచాలో ఆకుకూర, కొబ్బరి తెల్లగా, ఇంకా గోరువెచ్చగా. అది నోటి దగ్గరికి వచ్చింది. "ఊఁ, తెరువు మోళే."

జలజ పళ్ళు బిగించింది. బిగించగలిగింది, ఆ ఒక్కటీ మిగిలింది. చెంచా పెదవులకు తగిలింది, ఆగింది, మళ్ళీ తగిలింది. ఎడమచెయ్యి ఎత్తి ఆమె దాన్ని తోసేసింది. ఇంత గట్టిగా తోయాలని అనుకోలేదు, కూరంతా ముసలామె కట్టుకున్న తెల్లటి ముండు పంచె మీద పడింది. చేపలామె అయ్యో అంది. కార్త్యాయని మొహం మారింది, ఆ పాత మొహం, వరండాలో కూర్చున్న మొహం వచ్చేసింది.

"ఏంటిది? ఏమైంది నీకు? నేను పెడితే విషమా?" అంటూ గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. జలజ నోరు కుడివైపు జారి ఉంది, అటునుంచి చొంగ కారుతోంది. ముసలామె ఆ నోటిని చూసింది, ఒళ్ళో పడున్న చేతిని ఎత్తి చూసింది, వదిలితే అది పడిపోయింది. తన గుడ్డల మీద పడిన పచ్చటి కూరని చూసింది. మూర్ఖురాలు కాదు కార్త్యాయని, ఎన్నడూ కాదు. ఇరవై ఏళ్ళలో లేనిది ఈ నెల కొత్తగా వచ్చింది ఆ కూరొక్కటే.

"ఆకులా?" అంది మెల్లగా. "ఇవి నీకు పడవా? ఆ మాత్రకి పడవా?"

ఇరవై ఏళ్ళుగా ఏమీ లేదమ్మా అనడం తప్ప ఇంకో జవాబు తెలియని జలజకు ఇప్పుడు కూడా తల అడ్డంగా ఊపాలనే ఉంది. ఎంత తేలిక, కొంచెం అటూ ఇటూ. ఆ కళ్ళల్లోకి చూస్తే ఇంకేం చేయబుద్ధి కాదు. కాని ఈవిడకి తెలియకపోతే అక్కడ ఎవరు చెబుతారు, తను ఇంక చెప్పే స్థితిలో లేదు కదా. తల బరువుగా ఉంది. ఆమె తలను కిందికి దించింది, పైకెత్తింది. అవును. మళ్ళీ ఒకసారి, పొరపాటు పడకుండా. అవునమ్మా.

కార్త్యాయని లేచి నిలబడి పట్టా తాళ్ళు తెంపినంత పని చేసింది. వెలుతురు కత్తిలా లోపలికి వచ్చింది. గుర్రపుడెక్క అవతల, ఒడ్డు వార సన్నటి నీటి పాయలో బాతుల మందని తోలుకుంటూ ఒకడు చిన్న పడవలో పోతున్నాడు. "ఒరేయ్ కుట్టప్పా! బాతుల్ని గంగలో కలుపు, పడవ ఇటు తే! నా కూతురు చచ్చిపోతోందిరా!" ఆ గొంతు ఆ కాలువలో ఇంతకుముందు ఎవరూ విని ఉండరు. సరంగు చక్రం వదిలి వచ్చాడు, రెజి నీళ్ళలోంచే గుర్రపుడెక్కని రెండు చేతులా చీలుస్తూ పడవకి దారి చేశాడు, చేపలామె బుట్ట తన్నేసి జలజ కాళ్ళు పట్టుకుంది. ఇందాక నవ్వినవాళ్ళ చేతులే ఎత్తి దించాయి. పడవ అడుగున నీళ్ళు, బాతు ఈకలు, పైన బూడిదరంగు ఆకాశం. ముసలామె పడవలోకి దాదాపు పడ్డట్టే దిగింది. జలజ తల ఒళ్ళోకి తీసుకుని, తడి ముండు మీదే పెట్టుకుంది. కుట్టప్పన్ గెడ వేశాడు, రోడ్డు దగ్గర జీపు ఉంటుందని అరుస్తూ.

జలజ ఆ మొహాన్ని కింది నుంచి చూస్తోంది. ఏడవలేదు కార్త్యాయని. దవడ బిగించుకుని, ఒడ్డు ఎంత దూరమో కొలుస్తున్నట్టు చూస్తోంది. కిందికి చూడకుండానే మాట్లాడింది. "డాక్టరుకి నేను చెప్తా. నెలంతా నేనే పెట్టానని చెప్తా. ఏ ఆకు ఎంతో, అన్నీ చెప్తా. నువ్వేం మాట్లాడకు." ఆ గొంతు చివర్లో చీలింది, దాన్ని దగ్గుతో కప్పేసింది. "ఎందుకు తిన్నావే? ఒక్క మాట అనొచ్చుగా. నేను తిట్టేదాన్నేమో, తిడితే తిట్టేదాన్ని, అంతేగా."

జలజ దగ్గర జవాబు ఉంది. చిన్నది, నిజమైనది, అబద్ధం కలపక్కర్లేనిది. బావుందమ్మా, ఇంకెవరూ నాకు వండిపెట్టలేదు. దాన్ని అనడానికి ఆమె నోరు తెరిచింది. ముసలామె వంగి, చెవిని ఆమె పెదవుల దాకా తెచ్చి ఆగింది, అలాగే ఉండిపోయింది, గెడ నీళ్ళలో పడుతూ లేస్తూ ఉండగా, ఏదో ఒక మాట వస్తుందని.